కోరంటినుండి కోవిడ్ వఱకు: బడిపిల్లల రోగపరీక్షయు, తలిదండ్రుల వివాదమును



పరీక్ష యను మాట వినినంతనే బడిపంతులనగు నాకు ప్రశ్నపత్రములు, మార్కులు జ్ఞప్తికి వచ్చుట సహజము. ముప్పదియేండ్లకు పైగా తెలుగు పండితుడనై ఆ పరీక్షలనే నడపితిని. కాని 2020వ సంవత్సరము మొదలుకొని రెండేండ్లపాటు మన యిండ్లలో ఆ మాటకు మఱియొక యర్థము కలిగినది. దూది చుట్టిన పుల్లను ముక్కులోనికి, గొంతులోనికి పోనిచ్చి స్రావమును తీసి, అందు కోవిడ్ క్రిమి కలదా లేదా యని చూచుటయే ఆ పరీక్ష. బడికి పోవు పిల్లలకు దీనిని చేయింపవలెనా, వలదా? చేయించినచో నెన్ని దినముల కొకమాఱు? ఎవరి యనుమతితో? ఈ ప్రశ్నలపై తలిదండ్రులలో తీవ్రమైన భేదాభిప్రాయములు పుట్టినవి. వాని చరిత్రను, దానికి పూర్వచరిత్రను నేడు మనవి చేయుదును.

నా నివాసము హైదరాబాదు నగరమున, ముషీరాబాదు ప్రాంతములోని అశోక్‌నగరు. రోగముల చరిత్రకు మా చుట్టుప్రక్కల తావులే సాక్షులు. పూర్వము ముషీరాబాదు కారాగారమున్న నేలపై నేడు గాంధీ ఆసుపత్రి యున్నది. 2020 మార్చి 2వ తేదీన తెలంగాణమున మొదటి కోవిడ్ రోగి బయటపడినప్పుడు చికిత్స జరిగినది అక్కడనే. నారాయణగూడలో కుక్కకాటు సూదిమందునకు పేరుపొందిన ఐ.పి.ఎం. సంస్థ కలదు, కోవిడ్ నమూనాలను పరీక్షించిన ప్రభుత్వ ప్రయోగశాలలలో నదియు నొకటి. ఇక మా పొరుగున నల్లకుంటలో జ్వరముల ఆసుపత్రి యున్నది. 1915లో స్థాపింపబడి 1923లో ప్రస్తుత స్థలమునకు మారిన ఆ వైద్యశాలను జనులు కోరంటి దవాఖానా యందురు. క్వారంటైన్ అను ఆంగ్లపదమే మన నోళ్లలో నలిగి కోరంటి యైనది. వెనుకటికి ఐరోపా రేవులలో ఓడలను నలువది దినములు దూరముగా నిలిపి, రోగము లేదని తేలిన పిదపనే జనులను దింపెడివారు. ఆ నలువది దినముల గడువే ఆ పదమునకు మూలము. మా చిన్ననాట అల్లరి చేసిన పిల్లవానిని కోరంటికి పంపెదమని పెద్దలు బెదరించెడివారు. వైద్యము చేయు తావు బెదరింపుమాట యెట్లయ్యెను? మన విషయమునకు మూలము ఈ ప్రశ్నయే.

1897లో పూనా నగరమున ప్లేగు వ్యాపించినప్పుడు ప్రభుత్వము రోగులను వెదకుటకు సైనికులను ఇండ్లలోనికి పంపినది. ఆడవారి మర్యాదను పాటింపక పరీక్షించుట, సామగ్రిని వీధిలో పాఱవేయుట, రోగిని కుటుంబమునుండి వేఱుచేసి కొనిపోవుట జరిగినవి. ప్రజల ఆగ్రహము మిక్కుటమై, ఆ సంవత్సరము జూన్ 22వ తేదీన ప్లేగు అధికారియగు ర్యాండుపై తుపాకి ప్రేలినది. ఆయన కొలది దినములకు మరణించెను. అదే 1897 జనవరి 10వ తేదీన బొంబాయిలో హాఫ్‌కిన్ అను శాస్త్రజ్ఞుడు తాను తయారుచేసిన ప్లేగు మందును మొదట తన శరీరముననే ఎక్కించుకొనెను. రెండింటి యుద్దేశము ప్రజారక్షణమే. మొదటి మార్గము భయమును పెంచినది. రెండవది నమ్మకమునకు దారితీసినది. 1911లో హైదరాబాదు నగరమునకును ప్లేగు వచ్చినది. 1897లో పుట్టిన అంటురోగముల చట్టమునే 2020లో మన ప్రభుత్వములు మరల చేతబట్టిన సంగతి మీకు తెలిసినదే.

బడిపిల్లల పరీక్షకు మన తెలుగునేలపైననే ఒక పూర్వోదాహరణము కలదు. 1948 ఆగస్టులో చిత్తూరు జిల్లాయందలి మదనపల్లెలో క్షయరోగమునకు బి.సి.జి. టీకా ప్రయోగము ప్రారంభమై, మఱుసటి సంవత్సరము బడులకు విస్తరించెను. మొదట పిల్లవాని ముంజేతిపై చిన్న సూదిమందు వేసి, మూడుదినముల పిదప వాపు వచ్చినదా యని చూచెడివారు. వాపు రానివారికే టీకా. ఇది మన బడులలో జరిగిన సామూహిక పరీక్షయే. దానిపై మదరాసు రాష్ట్రమున పెద్ద వివాదము చెలరేగినది. చక్రవర్తి రాజగోపాలాచారిగారంతటివారు 1955లో ఆ టీకాకు ప్రతికూలముగా పుస్తకమే ప్రకటించిరి. 1968లో చెంగల్పట్టు జిల్లాలో మొదలైన గొప్ప పరిశోధన పెద్దల ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపజాలదని తేల్చినది. కాని పసిపిల్లలను క్షయయొక్క ఘోరరూపములనుండి కాపాడుననియే నేటికిని దానిని వేయుచున్నారు. ప్రశ్నించినవారందఱు మూఢులు కారు. వేసినవారందఱు క్రూరులును కారు. దీనిని మనస్సున నుంచుకొని మన కాలమునకు వత్తము.

2020 మార్చి మధ్యలో తెలంగాణపు బడులు మూతపడెను. ఆంధ్రప్రదేశమున నవంబరు 2వ తేదీన 9, 10 తరగతులు తెఱచిరి. కొలది దినములలోనే 262 మంది విద్యార్థులకు, ఇంచుమించు 160 మంది ఉపాధ్యాయులకు కోవిడ్ కలదని తేలినది. హాజరైన పిల్లలు నాలుగు లక్షలు గనుక ఇది వేయింటి కొకటి కూడ కాదని అధికారులు ధైర్యము చెప్పిరి. 262 యిండ్లలో గుబులు పుట్టినదని తలిదండ్రులు వాపోయిరి. లెక్క యొక్కటియే, చూపులు రెండు. తెలంగాణమున 2021 ఫిబ్రవరి 1వ తేదీన పెద్ద తరగతులు తెఱచినప్పుడు తలిదండ్రుల వ్రాతపూర్వకమైన అనుమతి యుండిననే బిడ్డను బడికి రానిచ్చిరి. మన నగరమున వారము వారము పరీక్ష నియమముగా నడచినది లేదు. గుమ్మమున నుదుటివేడి చూచుటయు, రోగలక్షణము కనబడినప్పుడు పరీక్షకు పంపుటయు మాత్రమే యుండెను. ఐనను వివాదము తప్పలేదు.

2021 మార్చిలో మా వీథికి చేరువనున్న ఒక చిన్న బడిలో తొమ్మిదవ తరగతి బాలునికి జ్వరము వచ్చి కోవిడ్ అని తేలెను. ప్రధానోపాధ్యాయులు తలిదండ్రులను పిలిచి, పిల్లలందఱికి వెంటనే యొకమాఱు, పిదప పక్షమున కొకమాఱు పరీక్ష చేయింతమని ప్రతిపాదించిరి. పెద్దవాడనని నన్నును పిలిచిరి.

ఒక తల్లి తన అత్తగారు మూత్రపిండముల వ్యాధితో మంచమున నున్నారనియు, పరీక్ష లేనిదే కుమారుని బడికి పంపజాలననియు చెప్పెను. మఱియొక తల్లి, జలుబైన లేని తన కూతురి ముక్కులో పుల్ల గ్రుచ్చుట యెందుకని వాదించెను. ఒక ఉద్యోగి, నేడు లేదని తేలిన బిడ్డకు ఎల్లుండి రాగూడదా, పక్షమున కొకమాఱు చూచుటవలన నేమి ప్రయోజనమని ప్రశ్నించెను. కిరాణా అంగడి నడపు తండ్రి, ఇంట నొక్కరికి ఉన్నదనిన అంగడికి జనము రారనెను. నాకు ఓర్పు చాలలేదు. రోగమును దాచువాడు వీథికంతకు ద్రోహియని కఠినముగా పలికితిని. అప్పుడు వెనుక నిలుచుండిన ఆటో నడుపు తండ్రి యొకడు మెల్లగా నిట్లనెను: "సారూ, పరీక్షకు నేను భయపడ్తలేను. పోయినేడు మా పక్కింటాయనకు ఉన్నదని తేలితే ఇంటి ముందర రేకులు కొట్టిండ్రు, ఇంటి ఓనరు ఖాళీ చెయ్యమన్నడు. రేపు మా పిలగానికి ఉన్నదంటే, మల్ల ఏ బెంచీ మీద కూసోబెడ్తరో అది చెప్పుండ్రి."

ఎవ్వరును సమాధానము చెప్పలేదు. నేనును చెప్పలేదు. సభ తెగకయే ముగిసినది. మార్చి 24వ తేదీనుండి రాష్ట్రమున బడులన్నియు మరల మూతపడెను. పిదప వచ్చిన రెండవ విజృంభణము ఎన్ని యిండ్లను చీకటి చేసినదో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ యేడు జూన్, జూలై నెలలలో భారత వైద్య పరిశోధన మండలివారు దేశమంతట రక్తపరీక్షలు జరిపిరి. 6 మొదలు 9 ఏండ్ల పిల్లలలో నూటికి 57 మందికి, 10 మొదలు 17 ఏండ్లవారిలో నూటికి 61 మందికి పైగా ఆ క్రిమి సోకిపోయిన జాడ కనబడినది. బడులు చాలవఱకు మూతపడియున్న కాలముననే ఇట్లైనది! ఇక పరీక్ష లెందుకని కొందఱును, తెలియకయే ఇంత ప్రాకినది గనుకనే పరీక్ష కావలెనని కొందఱును ఈ యంకెనే తమతమ వాదములకు ఆధారము చేసికొనిరి.

సెప్టెంబరు 1వ తేదీన అన్ని తరగతులు తెఱవ నిశ్చయింపగా, ముందటిదినముననే తెలంగాణ ఉన్నత న్యాయస్థానము, ఏ బిడ్డను నిర్బంధించి బడికి రప్పింపరాదని యుత్తరువిచ్చి, గురుకులములను అప్పటికి తెఱవవలదనెను. గురుకులములు తెఱచిన పిదప, నవంబరు చివర సంగారెడ్డి జిల్లా ముత్తంగి గురుకులమున నలువదిమందికి పైగా బాలికలకు కోవిడ్ అని పరీక్షలలో తేలినది. గ్రామపెద్దలారా, ఇది మీకు మిక్కిలి దగ్గఱి విషయము. గురుకులమున చదువునది మీ యూరి బిడ్డ. పరీక్ష జరుగునది అచ్చట, తల్లి యున్నది ఇచ్చట. ఫలితమును ఆ తల్లికి మొదట చెప్పవలసినది బడిపెద్దయా, ఊరివారి గుసగుసయా?

ఇతర దేశములలో నియమబద్ధమైన పరీక్షలు నడచినవి. ఇంగ్లండులో 2021 మార్చి 8వ తేదీన బడులు తెఱచినప్పుడు పెద్దతరగతులవారికి మొదట బడిలో మూడుమాఱులు, పిదప ఇంటియొద్ద వారమునకు రెండుమాఱులు పరీక్ష యుండెను. కాని అది తలిదండ్రుల యిష్టముపైననే. లాస్ ఏంజిలిస్ నగరపు ప్రభుత్వపాఠశాలలలో 2021 ఆగస్టునుండి ప్రతివారము అందఱికి తప్పనిసరి చేసిరి. జర్మనీలోని యొక రాష్ట్రమున చిన్నపిల్లలు పుల్లను ముక్కులో గాక నోట అరనిమిషము చప్పరించెడివారు. తరగతివారి పుల్లలన్నింటిని కలిపి ఒకే పరీక్ష చేసి, క్రిమి కనబడిననే విడివిడిగా చూచెడివారు. ఈ పద్ధతిలో బిడ్డకు నొప్పి లేదు. మొదటనే యొక్కరి పేరు బయటపడదు. మన శాస్త్రములలో స్థాలీపులాక న్యాయ మొకటి కలదు: ఒక్క మెతుకు పట్టి చూచిన కుండెడన్నము సంగతి తెలియును. పిల్లల విషయమున నది చెల్లదు; ఒక్క బిడ్డకు లేనంతమాత్రమున ప్రక్కవానికి లేదనలేము. కుండనంతను ఒకమాఱు చూచుటకు వారు కనిపెట్టిన యుపాయ మిది.

ఇక నా సొంతమాట. 2022 ఫిబ్రవరిలో బడులు మరల తెఱచిన రెండవ వారమున నా మనుమడు దగ్గుచు వచ్చెను. పరీక్ష చేయించెదనని కోడలనగా, ఋతువు మారుటవలన కలిగిన జలుబు, బడివారికి తెలియజేసి గోల యెందుకని నేనే యడ్డుపడితిని. సభలో అంత కఠినముగా పలికిన నోరే యిది! ఆమె నావైపు చూచి, "మామయ్యా, మీకు షుగరున్నది. ఇంట్లో మొదట భయపడవలసినది మీ కోసమే కదా" యనెను. నాకు మాట రాలేదు. నేను భయపడినది రోగమునకు కాదు, తరగతిలో పిల్లవాని పేరు నలుగురి నోళ్లలో పడునని. ఆటో నడుపు నాయన చెప్పినది సరిగా నిదియే. పరీక్షలో కోవిడ్ అని తేలినది. వారము దినములు వానిని వేఱుగదిలో నుంచితిమి. వాని ఉపాధ్యాయిని ప్రతిసాయంకాలము ఫోనుచేసి పాఠము చెప్పెను. తిరిగి పోయిన దినమున వాని పాతచోటుననే, ఇద్దఱు స్నేహితుల నడుమ కూర్చుండబెట్టెను. ఆ బెంచీపై వాని చోటు చెడలేదని తెలిసిన పిదపనే మా యింట మనస్సులు కుదుటపడినవి.

కాబట్టి నేను గ్రహించినది మనవి చేయుదును. తలిదండ్రులు తగవులాడినది పరీక్షనుగూర్చి మాత్రమే కాదు, పరీక్ష తరువాత జరుగబోవుదానినిగూర్చి. మఱియొక రోగము రాదని యెవరును చెప్పజాలరు. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుటకంటె ముందుగనే యోచించుట మేలు. మొదటిది, పుల్ల పట్టుటకు ముందే తలిదండ్రులను పిలిచి, ఉన్నదని తేలిన బిడ్డ యెక్కడ నుండును, ఎన్ని దినములు, పాఠమెట్లు, ఇంటి కూలి పోయిన నెవరు తోడ్పడుదురు అని చెప్పవలెను. రెండవది, హాఫ్‌కిన్ వలె గురువు మొదట తాను పరీక్షకు కూర్చుండి పిదప శిష్యుని కూర్చుండబెట్టవలెను. మూడవది, బిడ్డ పేరు తల్లికి, వైద్యునికి, బడిపెద్దకు తప్ప వీథికెక్కరాదు.

ఆ యాటో నడుపు తండ్రి ఇప్పటికిని అప్పుడప్పుడు చిక్కడపల్లి కూడలిలో కనబడును. నాడు నేను పలికిన కఠినవాక్యమునకు ఆయనను క్షమింపుమని యడిగితిని. నవ్వి, గ్రంథాలయము దాక ఎక్కుమని తన యాటో చూపెను. పైకము పుచ్చుకొనలేదు.