మిరియము నుండి మిరపకు: మన చేపల పులుసు కథ

కంబపు లోయలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములవారు తమ వంశమును గూర్చియు, పొలమును గూర్చియు ముచ్చటించుకొనుట పరిపాటి. పొయ్యిమీది కుండకును చరిత్ర కలదని తలంచువారు తక్కువ. చేపల పులుసును గూర్చి ఆ చరిత్రను కొంత విన్నవింప మేము పూనుకొంటిమి.

1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధురలో నాయక రాజ్యమును నెలకొల్పెను. ఆ కాలమునను, దానికి ముందు వెనుకలను, తెలుగువారు ఈ సీమకు తరలివచ్చిరి. నాటి పులుసునకు పులుపు చింతపండు. కారము పడమటి కొండల మిరియము. మిరపకాయయు టమాటాయు అప్పటికి మన వంటింట లేవు. మెక్సికోవారు అనాదిగా పండించుకొనిన పంటలవి. 1519లో స్పెయిన్ దేశీయుడు కోర్టెస్ ఆ తీరమున దిగి వెరాక్రూజ్ పట్టణమును స్థాపించెను. మిరప పదునారవ శతాబ్దముననే పోర్చుగీసు ఓడలలో మన పడమటి తీరమును చేరెను. టమాటా వంటింట కుదురుకొనుటకు ఆంగ్లేయుల కాలము పట్టెను.

వెరాక్రూజ్ పేరిట నేటికిని ఒక చేపల వంటకము ప్రసిద్ధము. ఉల్లి, వెల్లుల్లి నూనెలో వేయించి, టమాటాలు మెత్తబడునట్లు ఉడికించి, మిరపకాయలును, స్పెయిన్ నుండి వచ్చిన ఆలివ్ కాయలును చేర్చి, ఆ రసములో తెల్లని కండగల చేపను మగ్గనిత్తురు. మన కొరమేను పులుసును దీనికి దగ్గరి చుట్టమే. ఆలివ్‌కు బదులు మనకు చింతపండు, మెంతులు, కరివేపాకు. ముక్కలు వేసిన పిదప గరిటె పెట్టరాదు. కుండనే పట్టి త్రిప్పవలెను. మరునాటికి రుచి హెచ్చును. అక్కడ వచ్చినవారి ఆలివ్ స్థానికుల టమాటాతో కలిసినది. ఇక్కడ వచ్చిన టమాటా మన పులుసులో కలిసినది.

మన పూర్వులు పరదేశపు కాయను స్వీకరించిరి గాని పేరును స్వీకరింపలేదు. మిరప అను మాట మిరియమునుండి పుట్టినది. టమాటాకును రామములగ అను తెలుగు పేరు కలదు.

నేడు మన పిల్లలు పులుసును ‘మీన్ కుళంబు’ అనుచున్నారు. అన్నమును చదువును ఇచ్చిన తమిళముపై మాకు కినుక లేదు. అయినను క్రొత్త కాయకు తెలుగు పేరు పెట్టగలిగినవారి సంతతి, తమ పాత కూరకున్న పేరును పోగొట్టుకొనుట తగునా? కుండ దింపునపుడు దాని పేరును పిల్లలచేత తెలుగున పలికింపుడని తల్లులకు మా మనవి.