నల్ల మఠము గృహమైన విధము

మార్టిన్ లూథరు గారి పేరు వినగానే మనలో చాలామందికి జర్మనీ దేశమందలి విట్టెన్‌బర్గు పట్టణములోని కోట దేవాలయపు తలుపు జ్ఞాపకము వస్తుంది. 1517 అక్టోబరు 31న ఆయన 95 వాదాంశములను ఆ తలుపునకు అంటించారని సండేస్కూలు నాటి నుండి వింటూ వచ్చాము. అదే ఊరిలో, తూర్పు కొనన, మరియొక ద్వారమున్నది. దానిని గూర్చి మన పుస్తకములలో అంతగా వ్రాయలేదు. అది 1540లో నిలబెట్టిన రాతి ద్వారబంధము. దానిని కోరి తెప్పించినవారు లూథరు గారి భార్య కాథరీనా అమ్మగారు. ఆ ద్వారము వెనుకనున్న ఇంటిని ఆమె ఇంచుమించు ఇరువది సంవత్సరములు బాగుచేయించుచునే ఉన్నారు. ఆ పనుల చరిత్రయే ఈ వ్యాసము.

ఆ ఇల్లు మొదట ఇల్లు కాదు. అగస్టీను సన్యాసుల మఠము. 1502లో సాక్సనీ ప్రభువైన ఫ్రెడరిక్ గారు విట్టెన్‌బర్గులో విశ్వవిద్యాలయము స్థాపించారు. అచట చదువుకొను సన్యాసుల కొరకు 1504లో మఠము కట్టుట ఆరంభమైనది. వారు నల్లని అంగీలు ధరించేవారు గనుక ప్రజలు దానిని నల్ల మఠమనేవారు. అనుకున్న కట్టడమంతయు ఎన్నడును పూర్తి కాలేదు. మఠపు ఆవరణలో లూథరు గారు మొదట ప్రసంగించిన చిన్న ప్రార్థనాలయము ఎంత శిథిలమై ఉన్నదనగా, గోడలు పడిపోకుండ ఊతకర్రలు పెట్టి నిలిపారు. మైకోనియస్ అను నాటి చరిత్రకారుడు దానిని బేత్లెహేము పశువులపాకతో పోల్చాడు.

సంస్కరణోద్యమము బలపడిన కొలది సన్యాసులు ఒక్కొక్కరే మఠము విడిచి వెళ్లిపోయారు. చివరకు అంత పెద్ద కట్టడములో మిగిలినవారు లూథరు గారు, మఠాధిపతి బ్రిస్గెర్ గారు, ఇద్దరే. మగవారు ఇద్దరు ఒంటరిగా ఉండే ఇల్లు ఎట్లుంటుందో చెప్పనవసరము లేదు. ఒక సంవత్సరము పాటు తన పడక ఎవరును పరచలేదనియు, క్రిందనున్న గడ్డి చెమటతో కుళ్లిపోయినదనియు, పగలంతా పని చేసి అలసి అలాగే పడి నిద్రపోయేవాడిననియు లూథరు గారే తరువాతి కాలములో భోజనపు బల్లయొద్ద చెప్పుకొన్నారు.

ఆ ఇంటికి 1525 జూన్ 13న కాథరీనా వాన్ బోరా వధువుగా వచ్చారు. వయస్సు ఇరువదియారు. ఆమెయు సన్యాసినియే. 1523 పునరుత్థాన పండుగ వేళ నింబ్‌షెన్ కన్యకామఠము నుండి మరి పదకొండుమందితో కలిసి, టోర్గావు వర్తకుడైన కొప్పె గారి బండిలో తప్పించుకొని వచ్చినవారు. చేపల పీపాలలో దాగి వచ్చారను కథ కూడ ప్రచారములో ఉన్నది, అయితే దానిని నమ్మి తీరవలసిన పని లేదు. పుట్టింటివారు ఆమెకు కట్నము ఇవ్వలేదు. లూథరు గారి చేతిలోను ఏమియు లేదు. ఆయనకంటె ముందే కొందరు గురువులు వివాహము చేసికొన్నారు గాని, లోకమంతయు కన్నులు విప్పి చూచినది ఈ కాపురమునే.

కాపురమునకు మూలధనము ఏమిటి? ప్రభువైన జాన్ గారు వివాహమునకు నూరు గుల్డెనుల కానుక ఇచ్చి, లూథరు గారి జీతము సంవత్సరమునకు రెండువందల గుల్డెనులు చేశారు. లూథరు గారికి బద్ధవిరోధియైన మైన్జ్ ఆర్చిబిషప్పు ఆల్బ్రెక్టు కూడ ఇరువది బంగారు నాణెములు పంపాడు. లూథరు గారు వాటిని తిప్పి పంపమన్నారు. అమ్మగారు మాత్రము ఉంచుకొన్నారట! ఈ విషయములో నా మనస్సు అమ్మగారి పక్షముననే ఉన్నది. పైకప్పు కారుచున్న ఇంటిలో ఉన్నవారికి సున్నపు బట్టీవాడు సిద్ధాంతములు చూచి సరకు ఇవ్వడు గదా.

వచ్చిన కొలది దినములలోనే ఆమె పని మొదలుపెట్టారు. గోడలకు సున్నము వేయించారు. సన్యాసులు ఒక్కొక్కరు ఉండే గదులను మనుష్యులు కాపురముండే గదులుగా మార్చించారు. తోట వేశారు, బావి త్రవ్వించారు. 1526లో లూథరు గారు తన స్నేహితుడైన స్పలాటిన్ గారికి ఉత్తరము వ్రాయుచు, తోట వేశాము, నీటి వసతి కట్టాము, వచ్చి చూడండి, గులాబీలు లిల్లీ పువ్వులు మీకు కిరీటముగా పెడతామని సంతోషముతో పిలిచారు. న్యూరెంబర్గులోని లింక్ గారిని విత్తనములు పంపమన్నారు. తరువాత కొయ్యను తరిమెన పట్టే పనిముట్లు కూడ తెప్పించుకొన్నారు. సువార్త బోధించుటకు వీలులేని దినము వస్తే చేతిపనితో బ్రదుకుదామని ఆయన, ఆయన పనివాడు వోల్ఫ్‌గాంగు కలిసి వడ్రంగము నేర్చుకొనుటకు పూనుకొన్నారు. వేదాంత పండితుడు తరిమెన ముందు కూర్చున్న దృశ్యము తలచుకొంటే నవ్వు వస్తుంది గాని, ఆ ఆలోచన వెనుక భయము కూడ ఉన్నది. అప్పటికి ఆయనమీద చక్రవర్తి శిక్షాజ్ఞ రద్దు కాలేదు.

భయము మరియొకటి కూడ ఉన్నది. ఆ ఇల్లు వారిది కాదు. ప్రభువు ఉండమన్నారు గనుక ఉన్నారు, అంతే. రేపు పొమ్మంటే వేసిన సున్నము, త్రవ్విన బావి వదలి పోవలసినదే. తనది కాని గోడమీద డబ్బు పెట్టుట ఎంత కష్టమో అద్దె ఇండ్లలో కాపురముండిన మనకు తెలియును. 1527 ఆరంభములో లూథరు గారు నూరు గుల్డెనులకు పైగా అప్పులో ఉన్నారు. మూడు వెండి పాత్రలు తాకట్టు పెట్టి ఏబది గుల్డెనులు తెచ్చారు. అదే సంవత్సరము పట్టణములో తెగులు వ్యాపించినది. విశ్వవిద్యాలయము ఊరు విడిచి పోయినది. లూథరు గారు పోలేదు. ఇల్లు ఆసుపత్రి అయినది. అప్పుడు అమ్మగారు గర్భవతి. పెద్ద కుమారుడు హాన్స్‌కు ఏడాదిన్నర. డిసెంబరులో పుట్టిన ఎలిజబెత్ మరుసటి ఆగస్టులో చనిపోయినది.

ఇంటిలో మనుష్యులకు లెక్క లేదు. తమ పిల్లలు, చనిపోయిన బంధువుల పిల్లలు, మఠము విడిచి వచ్చిన అమ్మగారి పిన్నమ్మ, పొరుగు దేశముల నుండి పారిపోయి వచ్చిన బోధకులు, విద్యార్థులు. లూథరు గారు తన పుస్తకములకు ముద్రాపకుల వద్ద డబ్బు తీసికొనేవారు కాదు. కనుక విద్యార్థులకు గదులు ఇచ్చి, భోజనము పెట్టి, వారియొద్ద రుసుము తీసికొనుట అమ్మగారి ఏర్పాటు. గది బాగుచేస్తే విద్యార్థి వచ్చేవాడు, విద్యార్థి ఇచ్చిన డబ్బుతో మరియొక గది బాగుపడేది. ఆమె తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచేవారు గనుక లూథరు గారు ఆమెను విట్టెన్‌బర్గు వేకువ చుక్క అన్నారు. పందులను పెంచారు, బీరు కాచారు. బీరు అనగానే మన సంఘములలో కొందరు నొసలు చిట్లించవచ్చును. ఆనాటి ఆ దేశములో అది మన మజ్జిగవలె ఇంటింటి పానీయము. మఠమునకున్న బీరు కాచు హక్కు కూడ ఇంటితోపాటు వారికి సంక్రమించినది.

1532 ఫిబ్రవరిలో జాన్ ప్రభువు గారు ఇంటిని లూథరు గారికి, ఆయన భార్యకు, వారి సంతానమునకు పన్ను లేకుండ పత్రము వ్రాసి ఇచ్చారు. ఏడు సంవత్సరములు గడచిన పిమ్మట అది స్వంత ఇల్లయినది. ఆ సంవత్సరమే జరిగినది చూడండి. క్రొత్తగా కట్టించుచున్న నేలమాళిగను చూచుటకు భార్యాభర్తలిద్దరు దిగారు. కమాను కప్పు కూలినది. వెంట్రుకవాసిలో ఇద్దరు ప్రాణములతో బయటపడ్డారు. అప్పటికి ఇంటిలో ముగ్గురు పసిబిడ్డలు. ఆ కప్పు ఇంకొక క్షణము ముందు కూలి ఉంటే ఏమయ్యేదో ఊహించుకొనవచ్చును. ఆమె మాత్రము పని మాన్పించలేదు.

అదే రోజులలో ప్రభుత్వమువారు పట్టణపు కోటగోడను బలపరచుచున్నారు. ఇల్లు ఆ గోడను ఆనుకొనియే ఉన్నది. లూథరు గారి చదువుల గది దక్షిణపు బురుజులో ఉండేది. తాను బ్రదికి ఉంటే ఇంకొక్క సంవత్సరములో తన చిన్న గది పోవునని, పోపుగారిమీద యుద్ధము చేసినది ఆ గది నుండే గనుక దానిని ఎల్లకాలము జ్ఞాపకముంచుకొనవలెనని ఆయన బాధపడ్డారు. తన పుస్తకములు తాకవద్దను మనిషి ప్రతి ఇంటిలోను ఒకరుంటారు. మరమ్మతుల కాలములో వారి గోడు వేరు.

1530ల మధ్యలో పై అంతస్తులో కొయ్యపలకల గోడలతో కుటుంబపు గది సిద్ధమైనది. శిష్యులు ఆయన మాటలు వ్రాసికొన్న భోజనపు సంభాషణలు ఈ ఇంటి బల్లయొద్దివే. ఆ గది నేటికిని ఉన్నది. 1712లో రష్యా చక్రవర్తి పీటరు ఆ గది చూడవచ్చి తలుపుపైన సుద్దముక్కతో తన పేరు వ్రాశాడు. దానిని కూడ భద్రము చేశారు!

ఇక ఆ ద్వారము సంగతి. 1539లో లూథరు గారు పిర్నా పట్టణములోని లౌటెర్‌బాక్ గారికి ఉత్తరము వ్రాసి, తన భార్య కోరుచున్న రాతి ద్వారమును చెక్కించి పంపమన్నారు. ఎల్బే నదీతీరమున ఆ ప్రాంతములో మంచి ఇసుకరాయి దొరుకుతుంది. అది ఆయన జన్మదినమునకు అమ్మగారి కానుక అని చెప్పుదురు. ఒక ప్రక్క ఆయన ముఖచిత్రము, మరియొక ప్రక్క ఆయన ముద్రయైన గులాబీ, యెషయా గ్రంథము 30వ అధ్యాయములోని ఒక మాట చెక్కబడి ఉన్నవి. ద్వారమునకు ఇరుప్రక్కల కూర్చుండుటకు రాతి పీటలున్నవి. మన ఊళ్లలో వీధి గుమ్మమునకు అటు ఇటు అరుగులున్నట్టే. అమ్మగారి రూపము ఆ రాతిమీద ఎక్కడను లేదు. అయినను జనులు దానిని కాథరీనా ద్వారమనియే పిలుచుచున్నారు.

లూథరు గారు ఈ పనులను ఎగతాళి చేస్తూనే సాగనిచ్చారు. 1540లో ఆమె అన్నగారి చిన్న పొలము జూల్స్‌డోర్ఫు 610 గుల్డెనులకు కొన్నప్పుడు, అక్కడి పాత ఇల్లు కూడ ఆమె బాగుచేయించసాగారు. అది మొదలు ఆయన ఉత్తరములలో ఆమెను జూల్స్‌డోర్ఫు దొరసానిగారు అని వ్రాసేవారు. 1546 ఫిబ్రవరిలో, చనిపోవుటకు ఎనిమిది రోజుల ముందు, ఐస్లెబెను నుండి వ్రాసిన ఉత్తరములో, బసలో గచ్చు వదులై పెద్ద రాయి ఒకటి తన నెత్తిన పడబోయినదని, నీవు నా కొరకు దిగులు పెట్టుకొనుటవలననే ఇట్లు జరుగుచున్నదని చమత్కరించారు. ఇల్లు కూలే అనుభవము వారికి అదివరకే ఉన్నది గదా.

ఆ నెల 18న ఆయన మరణించారు. అప్పుడు అమ్మగారి అసలు పరీక్ష. సాక్సను చట్టము విధవరాలికి చాల తక్కువ ఇచ్చేది. ఇది ఎరిగియే లూథరు గారు 1542లో న్యాయవాదులను పిలువకుండ తన చేతితోనే వీలునామా వ్రాసి, ఆమెకు పొలమును, నివాసమునకు వేరొక చిన్న ఇంటిని ఇచ్చి, పిల్లలు తల్లిమీద ఆధారపడవలెను గాని తల్లి పిల్లల చేతివైపు చూడకూడదని అభిప్రాయపడ్డారు. ప్రభుత్వ మంత్రి బ్రూక్ గారు అడ్డు చెప్పారు. ఇంత పెద్ద ఇల్లు ఎందుకు, కుమారులను వేరుచేసి సంరక్షకులకు అప్పగించి సంసారము తగ్గించవలెనన్నారు. ఇరువది సంవత్సరములు రాయి రాయి కూర్చినవారికి చెప్పిన మాట ఇది! ప్రభువైన జాన్ ఫ్రెడరిక్ గారు వీలునామాను ఆమోదించుటవలన ఆమె నిలబడగలిగారు. అంతలో యుద్ధము వచ్చినది. ఆమె రెండుసార్లు ఊరు విడిచి పారిపోయారు. 1547లో తిరిగి వచ్చునప్పటికి మఠపు ఇల్లు నిలిచి ఉన్నది గాని పొలములు పాడైపోయినవి. అప్పు చేసి మరల గదులు సర్ది మరల విద్యార్థులను చేర్చుకొన్నారు.

మన తెలుగునాట లూథరను పేరు 1842లో హైయ్యరు పాదిరిగారితో గుంటూరు వచ్చినది. ఏ మిషనువారైనను, గుడి ప్రక్కన గురువుగారి కుటుంబమునకు ఒక ఇల్లు ఉండవలెనను ఆచారమును వెంట తెచ్చారు. నేటికిని పార్సనేజి మరమ్మతుల చర్చ వచ్చినప్పుడు సంఘ పెద్దలు కూర్చుండి పెంకులా రేకులా అని తర్కింతురు. ఆ ఇంటిలో వంట చేసి, వానాకాలము కారు చోట గిన్నెలు పెట్టే అమ్మగారిని అడిగినవారు ఎందరు?

1552లో తెగులు వచ్చి ఆమె పిల్లలతో టోర్గావునకు బయలుదేరారు. దారిలో గుఱ్ఱములు బెదిరినవి. బండినుండి దూకి నీటిగుంటలో పడి, ఆ దెబ్బలతోనే డిసెంబరు 20న కన్నుమూశారు. 1564లో వారసులు ఇంటిని విశ్వవిద్యాలయమునకు 3,700 గుల్డెనులకు అమ్మివేశారు. తరువాత ఎన్నో మార్పులు జరిగినవి. 1883లో అది ప్రదర్శనశాల అయినది. 1996లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది. 2004, 2005 సంవత్సరములలో ఇంటి దక్షిణపు ప్రక్క త్రవ్వినప్పుడు లూథరు గారి బురుజు గది పునాది బయటపడినది. ఆ ఆవరణలో దొరికిన పాత చెత్తలో పొయ్యి పలకల ముక్కలు ఉన్నవి.