ఆధిక్యమున్నా నిలవని ప్రభుత్వం: జపాన్ పార్టీ వ్యవస్థ (1918–1932)

ఉపోద్ఘాతం

1932 ఫిబ్రవరి ఎన్నికల్లో జపాన్ ప్రతినిధుల సభలోని 466 స్థానాలకు గాను సెయుకాయ్ పార్టీ 301 స్థానాలు గెలుచుకొంది. మూడు నెలలు తిరగకముందే, మే 15న, ఆ పార్టీ అధినేత, ప్రధాని ఇనుకాయ్ త్సుయోషి నౌకాదళ యువ అధికారుల చేతిలో హతుడయ్యాడు. ఆయన స్థానంలో పార్టీతో సంబంధం లేని అడ్మిరల్ సైతో మకోతో ప్రధాని అయ్యాడు. దాదాపు మూడింట రెండు వంతుల ఆధిక్యం ఒక ప్రభుత్వాన్ని ఎందుకు నిలబెట్టలేకపోయిందన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం.

పార్టీల ఎదుగుదల

1918లో హర తకాషి ప్రధాని కావడంతో పార్టీ మంత్రివర్గాలకు బలం చేకూరింది. 1924 నుంచి 1932 వరకు ప్రధానులందరూ పార్టీ నాయకులే. 1925 నాటి చట్టం 25 ఏళ్లు నిండిన పురుషులకు ఓటుహక్కు కల్పించింది. దానితో ఓటర్ల సంఖ్య సుమారు 33 లక్షల నుంచి 1 కోటి 24 లక్షలకు పెరిగింది. అయితే అదే ఏడాది వచ్చిన శాంతి పరిరక్షణ చట్టం తీవ్ర వామపక్ష రాజకీయాలను నేరంగా పరిగణించింది.

అంతర్గత బలహీనత

ఓటర్లు పెరిగినా, ప్రధానిని ఎన్నుకొనే అధికారం సభకు దక్కలేదు. వయోవృద్ధ రాజనీతిజ్ఞుడు సైయోంజి కిమ్మోచి సలహాపై చక్రవర్తే ప్రధానిని నియమించేవాడు. మెయిజీ రాజ్యాంగం 11వ అధికరణం ప్రకారం సైన్యాధిపత్యం చక్రవర్తిది. ఆ అధికరణాన్ని అడ్డుపెట్టుకొని సైన్యం మంత్రివర్గ నియంత్రణకు లోబడలేదు.

ఈ లోపాన్ని పార్టీలే మరింత పెంచాయి. 1930లో హమగుచి ప్రభుత్వం లండన్ నౌకాదళ ఒప్పందంపై సంతకం చేసినప్పుడు, ఇనుకాయ్ నాయకత్వంలోని సెయుకాయ్ దానిని సైన్యాధిపత్య హక్కుకు భంగమని విమర్శించింది. ప్రత్యర్థిని దెబ్బతీయడానికి సైన్యం వాదాన్నే అరువు తెచ్చుకొంది. ఆ నవంబరులో హమగుచిపై కాల్పులు జరిగాయి. ఆ గాయం నుంచి కోలుకోలేక 1931 ఆగస్టులో ఆయన మరణించాడు. సెప్టెంబరులో క్వాంటుంగ్ సైన్యం ప్రభుత్వ అనుమతి లేకుండానే మంచూరియాలో దాడికి దిగింది. ఇనుకాయ్ అధికారంలోకి వచ్చేసరికి ఆ సైన్యాన్ని అదుపుచేయవలసిన భారం ఆయనపైనే పడింది.

ముగింపు

జపాన్‌లో కొరవడినది ఓట్లూ కాదు, స్థానాలూ కాదు. ప్రభుత్వాన్ని మార్చే హక్కు సభకే ఉండాలన్న విషయంలో ప్రత్యర్థి పార్టీల మధ్య ఏకాభిప్రాయం కొరవడింది. 1940లో ఆ పార్టీలు తమను తామే రద్దు చేసుకొన్నాయి.