అట్టతో చేసిన యంత్రములు



యంత్రమనగానే మనకు ఇనుము, ఆవిరి, విద్యుత్తు తలపునకు వచ్చును. అట్టముక్కయు దారమును గూడ యంత్రము కాగలవన్నచో పిల్లలాటయని నవ్వుదుము. ఆ నవ్వు తగదని చూపుటయే నా ప్రసంగోద్దేశము. ఇందులకు సికింద్రాబాదునకు సంబంధించిన యొక వ్యాధిచరిత్ర మంచి నిదర్శనము.

మలేరియా యను చలిజ్వరము చెడుగాలివలన పుట్టునని పాశ్చాత్యులు చిరకాలము నమ్మిరి. ఇటలీ భాషలో ఆ పేరునకు అర్థమే అది. 1880లో లావెరన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగి నెత్తుటిలో వ్యాధిక్రిమిని కనిపెట్టెను. కాని యది యొకరినుండి వేఱొకరికి ఎట్లు సంక్రమించునో తెలియరాలేదు. 1895లో సికింద్రాబాదునకు వచ్చిన సైనికవైద్యుడు రోనాల్డు రాస్, మాన్సన్ అను పెద్ద వైద్యుని సూచనమేరకు దోమలను కోసి పరీక్షింపసాగెను. బేగంపేటలోని చిన్న ఆసుపత్రి ఆయన పనిచోటు. పంకా విసరించినచో కోసిన దోమలు ఎగిరిపోవునని ఉక్కలోనే కూర్చుండెను. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. మిగిలిన కంటియద్దమును బీటవారెను. హుసేన్ ఖాన్ అను రోగి, దోమకొక అణా చొప్పున పుచ్చుకొని, తన్ను కుట్టనిచ్చెను. 1897 ఆగస్టు 20న అట్టి దోమ కడుపుగోడలో మలేరియా క్రిమికుండు నల్లని రంగురేణువులుగల కణములు రాస్ కంటబడెను. మఱుసటియేట కలకత్తాలో పక్షులపై పరిశోధించి, దోమకాటే వ్యాధిమార్గమని చూపెను. 1902లో నోబెల్ బహుమానము లభించెను. ఆ బేగంపేట భవనము నేటికిని కలదు.

దోష మెచ్చటనున్నదో తెలిసెను. కాని రోగి నెత్తుటిలో క్రిమిని చూచుటకు సూక్ష్మదర్శిని కావలెను. నెత్తుటిని వేగముగా త్రిప్పి పాళ్లను వేఱుచేయు యంత్రమును పరీక్షలకు అవసరమగును. అవి ఖరీదైనవి, రెండవదానికి విద్యుత్తు కూడ కావలెను. ఈ లోటును తీర్ప యత్నించినవాడు మీరట్టులో పుట్టి, కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి, అమెరికాలోని స్టాన్‌ఫర్డులో ఆచార్యుడైన మను ప్రకాశ్. ఆయనయు సహచరులును మడతకాగితముతో డాలరుకంటె తక్కువ ఖర్చున సూక్ష్మదర్శినిని నిర్మించి, ఆ వివరములను 2014లో ప్రకటించిరి. 2017లో కాగితపు బిళ్లయు దారముతో నెత్తుటిని త్రిప్పు యంత్రమును వెల్లడించిరి. దాని బరువు 2 గ్రాములు. వేగము నిమిషమునకు 1,25,000 చుట్లు.

ఈ రెండవదానికి మూలము మన మెఱిగిన ఆటయే. సోడామూతను చదునుగా కొట్టి, రెండు కన్నములు పొడిచి, దారము దూర్చి, రెండుచేతులతో లాగుచు వదలుచు ఝుమ్మని త్రిప్పమా? లాగినప్పుడు పురి విప్పుకొని బిళ్ల తిరుగును. ఆ విసురుకే దారము ఎదురుపురి వేసికొనును. మరల లాగినచో బిళ్ల వెనుకకు తిరుగును. కవ్వము తిరుగు తీరును ఇట్టిదే. తిరుగుడువలన నెత్తుటిలోని బరువైన ఎఱ్ఱకణములు అంచునకు పోవును. తేలికైన ద్రవము నడుమ నిలుచును.

నేను బడిపిల్లలచే దీనిని చేయించితిని. చెప్పుల పెట్టె అట్టనుండి నాలుగంగుళముల బిళ్లలు రెండు కోయించి, నడుమ రెండు కన్నములు పొడిపించితిని. పానీయము త్రాగు సన్నని ప్లాస్టిక్ గొట్టములు రెంటిలో బురదనీరు నింపి, కొనలు వేడితో మూసి, ఎదురెదురుగా అంటించి, బిళ్లల నడుమ బంధింపజేసితిని. కొంతసేపు త్రిప్పి విప్పిచూడగా మట్టి అంచువైపు చేరియుండెను. ఒక బాలుని బిళ్ల గజగజలాడెను. ఇరుప్రక్కల తూకము సరిలేదని ఎవరును చెప్పకయే వాడు గ్రహించి, తేలికయైన ప్రక్క చిన్న అట్టముక్క నంటించెను. పుస్తకములో చదివినచో ఆ మాట పరీక్షవఱకే నిలిచెడిది. చేతితో తెలిసికొన్నది పోదు.

అట్టబిళ్ల వైద్యుని స్థానమున నిలువదు. జ్వరము వచ్చినవాడు ఆసుపత్రికి పోవలసినదే; నెత్తుటితో పిల్లలు పని చేయరాదు. కాని యంత్రపు కీలకము లోహములో గాక సూత్రములో నున్నదని పిల్లలు తెలిసికొనవలెను. పరికరములు రాలేదని పాఠము నాపు బడులు మన పల్లెలలో గలవు. ఇంటిలోని పాత అట్టపెట్టెలను పొయ్యిలో వేయక బడికి పంపుడు. కత్తెర పట్టునప్పుడు పిల్లలప్రక్కన మీరు కూర్చుండుడు. బీటవారిన అద్దముతో పనిచేసిన వైద్యుని కథను వారికి చెప్పుడు.