వాల్వు ఆపరేషన్‌లోనే గుండె లయకూ చికిత్స: ముందే అడగాల్సిన సంగతి

చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం కొందరిలో గుండె వాల్వుని మెల్లగా పాడుచేస్తుంది. ఏళ్ల తర్వాత గల్ఫ్‌లో సైటు మెట్లెక్కుతుంటే ఆయాసం మొదలైనప్పుడు గానీ ఆ సంగతి బయటపడదు. ఎక్కువగా దెబ్బతినేది ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్యనుండే మైట్రల్ వాల్వు. అది సన్నబడినా, లీకైనా పై గది సాగిపోతుంది. సాగిన గదిలో గుండె కరెంటు దారి తప్పి, నాడి ఒక వరస లేకుండా కొట్టుకుంటుంది. దీన్నే డాక్టర్లు ఏట్రియల్ ఫిబ్రిలేషన్, పొట్టిగా ఏఎఫ్ అంటారు. దడ ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. కానీ పై గది సరిగా ముడుచుకోక రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకి పోతే పక్షవాతమే.

వాల్వు మారిస్తే దడ దానంతటదే పోతుందని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. కొందరికి పోతుంది. చాన్నాళ్లుగా ఉన్నవాళ్లకి ఎక్కువగా పోదు. అందుకే ఎలాగూ గుండె తెరిచినప్పుడే లయని కూడా సరిచేసే పద్ధతి ఉంది, పేరు మేజ్. 1987లో అమెరికా సర్జన్ జేమ్స్ కాక్స్ మొదలుపెట్టాడు. అప్పట్లో పై గదుల్ని గీతలుగా కోసి మళ్లీ కుట్టేవారు. మచ్చపడ్డ చోట కరెంటు పారదు కాబట్టి సరైన దారిలోనే పోవాలి. ఇప్పుడు కోతలకు బదులు రేడియో తరంగాల వేడితో, లేదా గట్టి చలితో ఆ గీతలు వేస్తున్నారు.

2015లో వెలువడిన ఒక అధ్యయనంలో మైట్రల్ వాల్వు ఆపరేషన్‌తో పాటు ఇది చేయించుకున్నవాళ్లలో 63 శాతం మందికి ఏడాదికి ఏఎఫ్ లేదు. చేయనివాళ్లలో 29 శాతమే. అయితే చేసినవాళ్లలో పేస్‌మేకర్ అవసరం ఎక్కువగా పడింది, అది దాచకూడదు. పై గది బాగా సాగిపోయినా, ఏఎఫ్ చాలా పాతదైనా ఫలితం తగ్గుతుంది. సర్జన్ వద్దంటే కారణం అడగండి.

పై గదికి చెవిలాంటి చిన్న సంచి ఉంటుంది, గడ్డలు ఎక్కువగా అక్కడే కడతాయి. గుండె ఆపరేషన్‌లో దాన్ని కూడా మూసేస్తే పక్షవాతాలు మూడో వంతు తగ్గాయని 2021లో తేలింది. ఆ రోగుల్లో ఎక్కువమంది రక్తం పలచబడే మందు వాడుతూనే ఉన్నారు.

లయ కుదిరినా ఇనుప వాల్వు, అంటే మెకానికల్ వాల్వు పెట్టించుకుంటే వార్ఫరిన్ జీవితాంతం తప్పదు. ఐఎన్ఆర్ పరీక్ష అక్కర్లేని కొత్త మందులు దానికి పనికిరావు. టిష్యూ వాల్వుకి ఆ బాధ తక్కువ, కానీ చిన్న వయసులో పెడితే త్వరగా అరిగి మళ్లీ ఆపరేషన్ పడొచ్చు. తిరిగి గల్ఫ్‌కి పోయే ఆలోచన ఉంటే ఆ మాట సర్జన్‌కి ముందే చెప్పాలి. అకామా లేక ఖల్లివెల్లి అయినోడు ప్రతి నెలా రక్తపరీక్షకి ఏ క్లినిక్‌కి పోతాడు? వార్ఫరిన్ వేసుకునేవాళ్లు ఒళ్లునొప్పులకి బ్రూఫెన్ లాంటివి సొంతంగా మింగొద్దు, రక్తస్రావం అవుతుంది.

ఆరోగ్యశ్రీలో చేయించుకునేవాళ్లు వాల్వుతో పాటు మేజ్ కూడా ప్యాకేజీలో వస్తుందా లేదా అని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని ముందే అడగాలి.

మేజ్ తర్వాత మొదటి మూడు నెలలు దడ వస్తూ పోతూ ఉండొచ్చు, అంతమాత్రాన ఫెయిలైనట్టు కాదు. డాక్టర్ చెప్పకుండా మందు ఆపొద్దు. డిశ్చార్జి కాగితంలో వాల్వు రకం, సైజు, మేజ్ చేశారా, సంచి మూశారా, ఐఎన్ఆర్ ఎంత ఉండాలి అన్నవి రాయించుకుని ఫోన్లో ఫోటో పెట్టుకోండి. పంటి డాక్టర్ దగ్గరికి పోయినా అది చూపించాలి.