శుక్లం ముదరాలన్న మాట

అరవై దాటిన మనిషికి చూపు మసకబారిందంటే ఇప్పటికీ చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది: శుక్లం ఇంకా ముదరలేదు, ముదిరాక ఆపరేషన్ చేయిద్దాం. చదువుకున్నవాళ్లు ఈ మాటను మూఢనమ్మకాల పద్దులో వేసేస్తారు. అది అన్యాయం. ముదిరేదాకా ఆగమన్నది ఒకప్పుడు కంటి వైద్యులే ఇచ్చిన సలహా, ఆనాటి పనిముట్లకు సరైన సలహా కూడా. తర్వాత పనిముట్లు మారాయి, ఆపరేషన్ మారింది, మాట మాత్రం ఇళ్లలో ఉండిపోయింది. అది ఎక్కడ పుట్టిందో, ఎందుకు చెల్లకుండా పోయిందో చెప్పకుండా పెద్దవాళ్లను తప్పుపడితే వాళ్లు ఎందుకు వింటారు?

కంటికి పొర కమ్మిందంటాం గానీ, కంటి మీద ఏ పొరా పెరగదు. కంటిపాప వెనక రెండువైపులా ఉబ్బిన చిన్న గింజలాంటి కటకం ఉంటుంది. దానికి రక్తనాళాలు లేవు. తల్లి కడుపులో ఉండగా ఏర్పడిన నడిమి భాగం చివరిదాకా అలాగే ఉంటుంది, దాని చుట్టూ ఉల్లిపొరల్లా కొత్త పొరలు చేరుతూ పోతాయి, పాతవి రాలిపోవు. ఏళ్లు గడిచేకొద్దీ అందులోని ప్రొటీన్లు ముద్దకట్టి, కటకం పసుపుపచ్చగా, ఆపైన గోధుమరంగుకు తిరుగుతుంది. శుక్లం అంటే ఇదే. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం దీనికి దగ్గరి జబ్బును లింగనాశమంది, శలాకతో చేసే చికిత్సను వివరంగా చెప్పింది. శలాక మొన యవగింజలా ఉండాలి. రోగి తన ముక్కువైపు చూస్తుండగా రక్తనాళాలు తగలకుండా తెల్లగుడ్డులో గుచ్చాలి. తర్వాత రోగి దగ్గకూడదు, తుమ్మకూడదు, త్రేన్చకూడదు. ఎలాంటి కంటిని ముట్టుకోరాదో కూడా ఆ గ్రంథంలో ఉంది. తర్వాతి కాలంలో ఊరూరా తిరిగిన కంటివైద్యుల చేతిలో ఈ శలాక పని మసకబారిన కటకాన్ని సూదితో కంటిలోపలికి నెట్టేయడంగా స్థిరపడింది. కటకం పక్కకు తొలగగానే రోగికి ఎదురుగా చాపిన వేళ్లు కనిపించేవి. అయితే కటకం మెత్తగా ఉంటే సూదికి చితికిపోతుంది, గట్టిపడితేనే ముక్కలవకుండా కదులుతుంది. ఆగమనడానికి మొదటి కారణం ఈ సూదిమొన దగ్గరే ఉంది.

ఆ వేళ్లు కనిపించిన సంతోషం చాలామందికి నిలవలేదు. చీము పట్టడం వల్లా, కంటిలో ఒత్తిడి పెరగడం వల్లా చూపు మళ్లీ పోయేది, అప్పటికి వైద్యుడు ఊరు దాటిపోయేవాడు. 1819లో మద్రాసులో కంటి ఆసుపత్రి మొదలైంది. ఆనాడు కోస్తా జిల్లాలూ రాయలసీమా మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. దాని అధిపతిగా పనిచేసిన రాబర్ట్ హెన్రీ ఎలియట్ సూదితో చెడిన కళ్లను వందల్లో పరిశీలించి, ఆ పద్ధతి మీద ఒక పుస్తకమే రాశాడు. ఫ్రాన్సులో జాక్ డావియెల్ 1747లో మొదలుపెట్టిన దారి వేరు: కంటిని కోసి కటకాన్ని బయటికి తీయడం. ఈ దారిలోనూ ముదిరిన శుక్లమే కావాల్సివచ్చింది. పచ్చిగా ఉన్న కటకంలో అంచు పొరలు జిగురుగా, పారదర్శకంగా ఉంటాయి. నేటి సూక్ష్మదర్శినులు లేని రోజుల్లో వైద్యుడికి అవి కనిపించేవి కావు, లోపలే మిగిలిపోయి కన్ను వాచేది. జలంధర్‌లో హెన్రీ స్మిత్ అనే సైనిక వైద్యుడు కటకాన్ని దాని సంచీతో సహా తీసే పద్ధతిని వేలమందిపై చేసి, ముదిరేదాకా ఆగనక్కర్లేదని వాదించాడు. వాదం నిలిచింది గానీ, ఆగడానికి ఇంకో కారణం మిగిలే ఉంది.

ఆ కారణం సోడాబుడ్డి అద్దాలు. కటకం తీసేసిన కంటికి వెలుగును ఒకచోట చేర్చే శక్తి చాలా తగ్గిపోతుంది, దానికి బదులు దాదాపు ప్లస్ పది పవరు అద్దాలు పెట్టేవారు. వాటిలోంచి అన్నీ పావువంతు పెద్దవై కనిపిస్తాయి. గ్లాసు ఉన్నదానికంటే దగ్గరగా అనిపిస్తుంది, చెయ్యి దాన్ని అందుకోబోయి ముందే ఆగిపోతుంది. తలుపు నిలువుకమ్మీలు వంగుతాయి. పక్కనుంచి వచ్చే మనిషి కాసేపు కనిపించకుండా, ఒక్కసారిగా ఎదుట ప్రత్యక్షమవుతాడు. ఒక కన్ను ఆపరేషనై, రెండోది ఇంకా బాగా చూస్తుంటే, రెండు కళ్ల బొమ్మలు రెండు సైజుల్లో పడి మెదడు వాటిని కలపలేదు. అందుకే రెండో కన్ను కూడా బాగా మసకబారేదాకా ఆగమనడంలో వైద్యుడికి న్యాయమే కనిపించేది. కంటి శిబిరాల నుంచి ఆ అద్దాలతో ఇంటికొచ్చిన తాతల్ని చూసిన కుటుంబాలు ఆపరేషన్‌ను వీలైనంత వెనక్కి నెట్టడం సహజమే.

దీన్ని తిరగరాసింది ఒక ప్లాస్టిక్ ముక్క. రెండో ప్రపంచయుద్ధ కాలంలో విమానాల పైకప్పు ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నా కన్ను పెద్దగా తిరగబడకపోవడం లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ గమనించాడు. 1949లో అదే జాతి ప్లాస్టిక్‌తో చేసిన కటకాన్ని కంటిలో అమర్చాడు. 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ శబ్దతరంగాలతో కటకాన్ని నలిపి పీల్చే పద్ధతి తెచ్చాడు. కానీ కంటిలో అమర్చే ప్లాస్టిక్ కటకం ధర మన పేదలకు అందనంత కాలం ఇవన్నీ దూరపు వార్తలే. 1976లో 11 పడకలతో మొదలైన మదురై అరవింద్ ఆసుపత్రికి అనుబంధంగా 1992లో ఆరోల్యాబ్ పుట్టి, ఆ ధరను ఎన్నో రెట్లు దించింది. 1994లో ప్రపంచబ్యాంకు సాయంతో ఏడు రాష్ట్రాల్లో మొదలైన శుక్లాల పథకంలో ఆంధ్రప్రదేశ్ ఉంది. కటకాన్ని నలిపి పీల్చగలిగాక అది మెత్తగా ఉన్నా అడ్డు లేదు. ప్లాస్టిక్ కటకం కంటిలోపలే ఉంటే సోడాబుడ్డి అద్దాలు అక్కర్లేదు, రెండు కళ్ల బొమ్మలూ కలుస్తాయి. ఆగమనడానికి ఉన్న రెండు కారణాలూ ఇలా తీరిపోయాయి.

అసలు అడ్డంకి పేదరికం, మాట కాదు అనేవాళ్లున్నారు. అందులో నిజం ఉంది. హైదరాబాద్, పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లలో 1996 నుంచి 2000 దాకా ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ 10,293 మందిని పరీక్షించి, అంధత్వం 1.84 శాతమనీ, అందులో 44 శాతం శుక్లాల వల్లేననీ తేల్చింది. ఆసుపత్రి దూరం, కూలి పోతుందన్న భయం, తోడు వచ్చేవాళ్లు లేకపోవడం ఇందులో చాలా వరకు ఉండే ఉంటాయి. కానీ ఉచిత ఆపరేషన్ గడపదాకా వచ్చినా ముదరలేదంటూ వెనక్కి తగ్గే మనిషిని డబ్బు ఒక్కటే కదిలించలేదు. ఇక తొందరపెట్టేది ఆసుపత్రుల లాభం కోసమేనన్న అనుమానం ఉంది. దీన్నీ కొట్టిపారేయలేను. శుక్లం కనిపించినంత మాత్రాన కోయాల్సిన పని లేదు. అద్దాల పవరు మారిస్తే ఏళ్లు గడిచే కళ్లు ఎన్నో. బియ్యంలో రాయి కనిపిస్తోందా, మెట్టు అంచు తెలుస్తోందా, రాత్రి ఎదురొచ్చే బండి వెలుగుకు కళ్లు చెదురుతున్నాయా అన్నది రోగి చెప్పాలి. అప్పట్లో శుక్లం వయసు చూసి తేల్చేవారు, ఇప్పుడు మనిషి పనిని బట్టి తేల్చాలి.

పొగ, ఎండ, అదుపులేని చక్కెర, ఏళ్ల తరబడి వాడే స్టెరాయిడ్లు శుక్లాన్ని త్వరపెడతాయి. వచ్చాక దాన్ని కరిగించే చుక్కల మందు లేదు, కంట్లో పోసే పసరు నల్లగుడ్డును పుండు చేస్తుంది. ముదరనిచ్చిన కటకం రాయిలా గట్టిపడి, ఇప్పటి ఆపరేషన్‌కే కష్టమవుతుంది. మరీ ముదిరితే ఉబ్బి, లేదా కారి, కంటి ఒత్తిడి పెంచి నొప్పితో చూపు తీసేస్తుంది. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది నీటికాసుల సంగతి. ఆ జబ్బులోనూ చూపు నెమ్మదిగా, నొప్పి లేకుండా తగ్గుతుంది, పోయిన చూపు తిరిగి రాదు. శుక్లమే కదా, ముదరనీ అని పరీక్షే చేయించుకోని మనిషి ఏ ముదరడం కోసం ఎదురుచూస్తున్నాడో ఆ శుక్లం ఆ కంటిలో అసలు ఉండకపోవచ్చు.