మంచం మీద మచిలీపట్నం

పక్కదుప్పటి కొనేటప్పుడు మన కళ్ళు పువ్వుల మీద ఉంటాయి. షాపువాడు ఒకదాని మీద ఒకటి విప్పి పరుస్తూంటే, గోడ రంగుకు నప్పుతుందా, మాపు కనబడకుండా ఉంటుందా అని చూస్తామే గాని, ఎన్ని ఉతుకులకు నిలుస్తుందని అడిగేవాళ్ళు తక్కువ. అడిగినా అతను చెప్పేది ఒకటే మాట, "గ్యారంటీ అమ్మా!" అని.

నన్నడిగితే దుప్పటి చరిత్రంతా చాకిరేవులోనే ఉంది. ఉతుకుకు నిలిచినందుకే ఒక గుడ్డ ఒకప్పుడు సముద్రాలు దాటింది. మరీ అంత బాగా నిలిచినందుకు నిషేధం పాలయింది కూడా. ఆ గుడ్డ ఎక్కడిదో కాదు, మన బందరుది.

పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులో కలవారి పడకగది ఎలా ఉండేదో చూడండి. చలిదేశం గనక మంచానికి నాలుగు పక్కలా తెరలు వేలాడేవి. పరుపు మీద పరిచేది అవిసె నారతో నేసిన తెల్ల దుప్పటి. దాంతో బాధేం లేదు. అవిసె నార గాని, మన నూలు గాని తడిస్తే మరింత గట్టిపడే రకాలు. బూడిదనీళ్ళలో ఉడకబెట్టినా, చౌడు పెట్టి ఉబ్బ వేసినా తట్టుకుంటాయి. చిక్కంతా తెరలతోనూ, పైన కప్పే దుప్పట్లతోనూ వచ్చేది. అవి ఉన్నివి, ఇంకా ఉన్నవాళ్ళయితే పట్టువి. చెట్టు ఇచ్చిన దారం చౌడుకు బతుకుతుంది గాని, గొర్రె ఇచ్చిందీ పురుగు ఇచ్చిందీ బతకవు. ఉన్ని ఉడికితే ముడుచుకుని అట్టకడుతుంది. పట్టు తడిలో బలం తగ్గుతుంది, ఘాటు సబ్బుకు మెరుపు పోగొట్టుకుంటుంది. కాబట్టి అక్కడి ఇల్లాళ్ళు వాటిని దులుపుకోవడమే గాని మనలా ఉతుక్కునే యోగం లేదు. అన్నేళ్ళ దుమ్మూ మంచం చుట్టూ వేలాడుతూ ఉండేదన్నమాట!

అలాంటి ఇళ్ళలోకి వెళ్ళింది మన అద్దకం గుడ్డ. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో మచిలీపట్నంలో వర్తకానికి దిగారు. వాళ్ళు మొదట ఈ గుడ్డ కొన్నది తూర్పు దీవుల్లో మిరియాలకూ, జాజికాయకూ మారకం వేయడానికి. తరవాత కదా సొంత ఊళ్ళలో అమ్మితే ఎంత గిరాకీయో తెలిసింది! లండనులో దినచర్య రాసుకున్న శామ్యూల్ పీప్స్ 1663లో భార్య గది గోడలకు వేయడానికని ఈ రకం గుడ్డే కొన్నాడు. మంచం మీద పరిచే పెద్ద దుప్పటిని 'పలంగ్‌పోష్' అనేవారు. దాన్నే దొరలు నోరు తిరక్క 'పలంపోర్' చేశారు. నడిమధ్య ఒక పెద్ద చెట్టు, దానికి ఏ తోటలోనూ పూయని పువ్వులు, చుట్టూ అంచు.

ఆ రంగుల రహస్యం కూడా ఉతుకే. ముందు గుడ్డను కరక్కాయ రసంలో, గేదెపాలలో తడిపి ఎండబెట్టేవారు. ఇనుప తుక్కు, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్ళతో నల్లగీతలు గీసేవారు. ఎరుపు కావలసినచోట పటిక నీళ్ళు రాసేవారు. ఆ పైన చిరివేరు వేసి ఉడికిస్తే, పటిక తగిలినచోట ఎరుపు అంటుకుని ఉండిపోతుంది. మిగతా చోట్ల పట్టిన రంగును ఉతికి, ఎండలో పరిచి నీళ్ళు చల్లుతూ పోగొట్టేవారు. నీలం వేయాలంటే తక్కిన గుడ్డకంతా మైనం పూసి నీలిమందులో ముంచాలి. మళ్ళీ మైనం ఉడకబెట్టి తీయాలి. ఇన్నిసార్లు ఉడికి, ఉతుకులు తిని బయటికొచ్చిన గుడ్డ, దొరసాని ఇంట్లో నెలకోసారి ఉతికితే బెదురుతుందా?

బెదిరింది అక్కడి నేతగాళ్ళు. ఉన్ని, పట్టు నేసేవాళ్ళ పొట్ట కొడుతోందని గోల చేస్తే ఫ్రాన్సు 1686లోనే ఈ గుడ్డను నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతి ఆపింది. అదీ చాలక 1721లో మరో చట్టం చేసి, అద్దకం నూలుగుడ్డ కట్టుకోవడమే కాదు, మంచానికీ కుర్చీకీ కిటికీకీ వాడడం కూడా నేరమంది. పడకగదిలో దుప్పటి మీద పార్లమెంటు చట్టం!

1775లో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. డేవిడ్ గారిక్ లండనులో పేరుమోసిన నటుడు. కలకత్తాలో నాటకశాల నడుపుతున్న ఇంగ్లీషువాళ్ళకు ఏదో సాయం చేశాడు. కృతజ్ఞతగా వాళ్ళు ఆయన భార్య ఈవా మరియాకు మంచం తెరల కోసం బందరు అద్దకం గుడ్డ పంపారు. రేవులో కస్టమ్సువాళ్ళు పట్టేసుకున్నారు. మంచం చూస్తే చిప్పెన్‌డేల్ చేసినది, ఆకుపచ్చా తెలుపూ రంగులు వేసినది. తెరలు లేని మంచం ముందు ఆవిడ ఎంత ఏడ్చిందో వర్ణిస్తూ గారిక్ ఖజానా శాఖలో పెద్ద ఉద్యోగికి ఉత్తరం రాసుకున్నాడు. నటుడు గదా, కొంత కలిపే ఉంటాడు. అయినా ఆవిడ దుఃఖాన్ని నేను శంకించను. మనసుపడిన గుడ్డ కళ్ళముందుకొచ్చి చేజారితే ఎలా ఉంటుందో మనకు తెలియనిదా! చివరికి గుడ్డ చేతికొచ్చింది. ఆ మంచం ఇప్పుడు లండనులో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

అప్పటికి ఏడాది ముందే, 1774లో, ఇంగ్లండు తన మిల్లుల్లో నేసిన గుడ్డకు మాత్రం నిషేధం ఎత్తేసుకుంది. మన గుడ్డకు కాదు. ఆ పైన మిల్లు గుడ్డే మన సంతల్లోకి దిగింది. 1869లో జర్మనీ, ఇంగ్లండుల్లో ఎర్రరంగు రసాయనాలతో తయారు చేయడం మొదలయ్యాక ఇక చిరివేరు తవ్వేవాళ్ళను అడిగేదెవరు? మధ్యలో 1864 ఉప్పెన బందరును ముంచి ముప్ఫైవేల ప్రాణాలు తీసుకుపోయింది.

ఇప్పుడు మన షాపుల సంగతికి వద్దాం. టెరికాట్ దుప్పటికి ఇస్త్రీ అక్కర్లేదు, త్వరగా ఆరుతుంది, నిజమే. త్వరగా ఆరేది తడి పీల్చదు గనకనే. నూలు తన బరువులో ఎనిమిదో వంతు కాకపోయినా పన్నెండో వంతు తేమ తనలో దాచుకుంటుంది. పాలియెస్టరుకు నూటికి అర పాలు కూడా పట్టదు. మన మే నెల రాత్రి కరెంటు పోయినప్పుడు ఆ తేడా వీపుకు తెలుస్తుంది. రేయాన్ మెత్తగా జారుతూ ముచ్చటగా ఉంటుంది గాని, తడిస్తే బలం సగానికి పడిపోతుంది, బండకేసి బాదకండి. మీది చంటిపిల్లలున్న ఇల్లయితే మారుమాట లేకుండా నూలే. వేడినీళ్ళకూ, ఎండకూ నిలిచేది అదే. ముదురు రంగులది మొదటి రెండు మూడుసార్లు విడిగా తడపండి, తిరగేసి నీడన ఆరేయండి. గంజి పెట్టిన దుప్పటిని మాత్రం పెట్టెలో నెలల తరబడి దాచకండి. వెండిపురుగుకు గంజి విందుభోజనం.

బందరు పక్కన పెడనలో అద్దకం ఇంకా బతికే ఉంది, కలంతో కాకుండా టేకు అచ్చులతో. అక్కడి దుప్పటి తెస్తే కుంకుడు రసంలో ముంచి తీస్తే చాలు. ఉతకాల్సిన వాళ్ళు ముందే ఉతికేశారు. పారే నీళ్ళే కావాలి వాళ్ళకు. నిలవ నీళ్ళలో ఝాడిస్తే వదిలిన రంగు పోయి తెల్లచోట అంటుకుంటుంది. అందుకని మగవాళ్ళు కాలువలో మొలలోతు నీళ్ళలో నిలబడి, గుడ్డను ప్రవాహానికి వదిలి అంచు పట్టుకుంటారు.